నటుడును వేషధారియు

క్రొత్త నిబంధన చదివినవారెల్లరు "వేషధారి" యను మాట నెఱుగుదురు. లోపల నొకటి, వెలుపల నొకటిగా నడచువారిని మన ప్రభువు ఆ మాటతోనే గద్దించెను. దానికి మూలమైన గ్రీకు పదము "హిపోక్రిటీస్." క్రీస్తు జననమునకు నాలుగైదు వందల యేండ్లకు పూర్వము ఏథెన్సు నగరమున ఆ పదమునకు నాటకమాడు నటుడని యర్థము. దీనిని జూపి, పాఠశాలలో బాలబాలికలచే వేషములు వేయించుట సత్యమార్గమునకు విరుద్ధమని వాదించు పెద్దలు కలరు. వారి భక్తి గౌరవింపదగినది. వారి వాదము మాత్రము నిలువదని నా యభిప్రాయము. ఆ నటుడు పుట్టిన చోటును, అతడు మెలగిన పద్ధతిని చూచినచో నిజము తేటపడును.

గ్రీకు నాటకము దేవతోత్సవమున పుట్టినది. ఏథెన్సులో ఏటేట వసంతకాలమున డయొనైససు అను దేవత యుత్సవము జరుగుచుండెను. ఆ దేవతకై యేబదిమంది గుంపుగా గూడి పాడుచు నాడుచు నుండెడివారు. అట్టి పాటలను నడపిన నాయకులనుండియే విషాదనాటకము వెలసినదని అరిస్టాటిలు వ్రాసెను. క్రీ. పూ. 534 ప్రాంతమున థెస్పిసు అనువాడు బృందమునుండి వేఱుగా నిలిచి మాటలాడు నటుని మొదట ప్రవేశపెట్టెనని ప్రతీతి. పిమ్మట ఈస్కిలసు రెండవ నటుని, సోఫోక్లీసు మూడవ నటుని చేర్చిరి. ఈ మువ్వురే కృత్రిమముఖములు మార్చుకొనుచు పాత్రలన్నిటిని ధరించెడివారు. స్త్రీపాత్రలను సైతము పురుషులే వేసెడివారు.

ఏథెన్సు కోటకొండ దక్షిణపు వాలున, ఆకాశమే పైకప్పుగా నాటకశాల యుండెను. వేలకొలది జనులు పట్టపగలు అచ్చట గూర్చుండి చూచెడివారు. నడుమ బృందము ఆడి పాడు చదునైన నేలకు ఆర్కెస్ట్రా యని పేరు. దాని వెనుక నటులు వేషములు మార్చుకొను కట్టడమునకు స్కీనీ యని పేరు; ఆ మాటకు గుడారమని యర్థము. హత్యలను ప్రాయికముగా ప్రేక్షకుల కనులయెదుట చూపక, వార్తాహరుని నోట చెప్పించెడివారు. ఇట్టి చోట మోసమునకు తావెక్కడ? నటుడు ధరించినది కృత్రిమముఖమని పసిబిడ్డకును తెలియును. సువార్తలు ఖండించిన వేషధారియో, తనకు వేషమే లేదని లోకమును నమ్మింప జూచువాడు. పేరొకటియైనను ఇరువురి నడుమ నింత భేదము కలదు.

మఱి ఆ వేషమువలన కలిగిన మేలేమి? దీనికి ఒక్క నాటకము చాలును. క్రీ. పూ. 480లో పారసీక చక్రవర్తి జెర్క్సీసు సేనలు ఏథెన్సును తగులబెట్టినవి. ఆ యేడే సలామిసు జలసంధిలో గ్రీకులు అతని నౌకాబలమును ఓడించిరి. ఎనిమిదేండ్లకు, అనగా 472లో, ఈస్కిలసు "పారసీకులు" అను నాటకమును ప్రదర్శించెను. ఆయన 490లో మారథాను యుద్ధమున పారసీకులతో స్వయముగా పోరాడిన వీరుడు. అయినను ఆయన కథను ఏథెన్సులో గాక శత్రువుల రాజధానిలో నడపెను. బృందమువారు పారసీక వృద్ధులు. రాజమాత కుమారునికై కలతచెందును. వార్తాహరుడు చచ్చినవారి పేర్లు చెప్పును. తుదకు జెర్క్సీసు చినిగిన వస్త్రములతో వచ్చి విలపించును. తమ జయమును గూర్చిన గర్వము ఆ నాటకమున లేకపోలేదు. కాని తమ యిండ్లను కాల్చినవారి దుఃఖమును ఏథెన్సు పౌరులే తమ కంఠములతో పాడిరి. ఆ యుద్ధము చేసినవారు కూర్చుండి వినిరి. బృందపు ఖర్చు భరించినవాడు యువకుడైన పెరిక్లీసు. ఆ యేటి ప్రథమ బహుమానము ఈస్కిలసునకే వచ్చినది.

అనుకరణము శీలమును చెఱచునని ప్లేటో భయపడి, తన యాదర్శ రాజ్యమున విషాదకవులకు చోటీయలేదు. ఆ భయము నిరాధారము కాదు. మాటిమాటికి అనుకరించినది మనస్సునకు అంటుకొనును. అందుచేతనే నాటకమును ఎంచుటలో ఉపాధ్యాయులు మిక్కిలి జాగరూకులై యుండవలయును. అయితే చెడును అంటించు ఆ శక్తియే కరుణను గూడ అంటింపగలదు. జాలి, భయము అను భావములను రేపి వానిని శుద్ధిపఱచుటయే విషాదనాటకపు పనియని అరిస్టాటిలు చెప్పినదానిని మఱవరాదు.

కావున తలిదండ్రులకు నా మనవి: మీ బిడ్డ రంగమెక్కుటకు వెఱవకుడు, ఏ పాత్ర ధరించుచున్నాడో, దానివలన ఎవరి కష్టము తెలిసికొనుచున్నాడో విచారింపుడు. విద్యార్థులారా, రాజవేషము దొరకలేదని చిన్నబోకుడు. "పారసీకులు" నాటకమును మొదలుపెట్టునది బృందమే, ముగించునదియు బృందమే. శత్రువు తల్లి యేడ్పును ఒక్క గంటసేపైనను తన యేడ్పుగా పాడిన బాలుడు, మఱునాడు తోటివానిని నొప్పించుటకు ముందు ఒక క్షణమైన ఆలోచించును.