ఎంత పొడుగు గొట్టం వేస్తే ఏం లాభం?

మగవాళ్లను బజారుకు పంపితే ముదురు బెండకాయలు తెస్తారని మనం నవ్వుకుంటాం గాని, టీవీ యాంటెన్నా కొనేటప్పుడు వాళ్లు చేసే నిర్వాకం ముందు ఆ బెండకాయలెంత!

అచ్చంపేట అవతల అడవి అంచున మా మరిదికి మామిడితోట ఉంది. కరెంటు స్తంభాలు రోడ్డు దగ్గరే ఆగిపోయాయి. తోటలో రెండు గదుల ఇల్లు, అందులో మా అత్తయ్యగారు. తార్నాకలో మా దగ్గరుండమంటే వారం ఉండరు. "పగలు చెట్లున్నాయమ్మా, పొద్దుగూకితేనే తోచదు" అన్నారొకసారి. ఆ మాట పట్టుకుని మావారూ, మరిదీ కలిసి బ్రహ్మాండమైన యాంటెన్నా కొన్నారు. అల్యూమినియం పుల్లలు, బూస్టరు, ఇరవై అడుగుల గొట్టం! "ఎంత దూరాన్నుంచైనా లాగుతుంది" అన్నాడట కొట్టువాడు. లాగడానికి అక్కడ ఏమున్నదని? నేలమీది టవర్ల నుంచి వచ్చే పాత ప్రసారాలను దూరదర్శన్ 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా ఆపేసింది. ఎండిన బావిలో ఎంత పొడుగు చేంతాడు వేస్తే నీళ్లొస్తాయి? బూస్టరూ అంతే. వచ్చిన సిగ్నలును పెంచుతుంది, దాంతోపాటు గరగరనూ పెంచుతుంది. లేనిదాన్ని పుట్టించదు.

పాపం, తప్పంతా వాళ్లది కాదులెండి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైన కొత్తలో డాబా మీద యాంటెన్నా ఎంత ఎత్తుంటే ఇంటికంత పరువు. "వచ్చిందా?" అని పైనుంచి అన్నయ్యలు, "ఆఁ వచ్చింది... అయ్యో పోయింది" అని కిటికీలోంచి మేము. ఆ ఎత్తు వీళ్ల బుర్రలోంచి ఇంకా దిగలేదు.

నిజానికి అంతకుముందే మనవాళ్లు మంచి దారి చూపించారు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది ఇస్రో. మన రాష్ట్రమూ అందులో ఉంది. ఆ పల్లెల్లో పెట్టిన పదడుగుల గొడుగు దేనితో చేశారనుకున్నారు? కోళ్లగూటికి కొట్టే వలతో! సెట్లు తయారుచేసింది మన ఈసీఐఎల్. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీల మీద నడిచాయి. చూసేదెవరు, అక్కడ కరెంటుందా అని ముందు ఆలోచించి, ఆ తర్వాత గొడుగు కట్టారన్నమాట.

మరి మావాళ్లు? రెండు నెలలు చీకట్లో కూర్చున్న మనిషిని, "నీకేం చూడాలనుందమ్మా?" అని ఒక్కమాట అడిగారా? నేనడిగాను. "వార్తలు, వానకబురు, పాత పాటలు" అన్నారు. అంతే! దానికి నెలనెలా రుసుము లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ చాలదూ? యాదగిరి వస్తుంది, సప్తగిరి వస్తుంది. కోరిన సీరియల్ చానళ్లన్నీ అందులో ఉండవు, నిజమే. పెద్ద వానలో బొమ్మ ఆగిపోతుంది, అదీ నిజమే. కాని రెండడుగుల చిన్న గొడుగు, ఇరవై అడుగుల గొట్టం అక్కర్లేదు. మన ప్రాంతంలో దాని మొహం ఆగ్నేయానికి, తల బాగా పైకెత్తి పెట్టాలి. (ఆగ్నేయం వంటింటి మూల కదా, మనకు గుర్తుండకేం!) అంత పైకి చూస్తుంది కనుక దూరాన కొండ ఉన్నా బెంగలేదు. ఆ వైపు మామిడికొమ్మ మాత్రం అడ్డురాకూడదు.

ఇక కరెంటు సంగతి. పన్నెండు వోల్టుల మీద నడిచే చిన్న ఎల్‌ఈడీ టీవీ, పెట్టె కలిపి నలభై వాట్లు. సాయంత్రం నాలుగు గంటలంటే 160 వాట్-అవర్లు. నూరు వాట్ల సోలారు పలక ఎండకాసిన రోజు అంతకు రెట్టింపు ఇస్తుంది. మబ్బుపట్టిన రోజుకు బ్యాటరీలో కాస్త దాచుకోవాలి. పప్పుడబ్బా లెక్క తెలిసిన మనకు ఇదో లెక్కా?

"ఫోనులో అన్నీ వస్తున్నాయి కదా, ముసలావిడకు టీవీ ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. సిగ్నలు కోసం గట్టెక్కి నిలబడాల్సిన చోట, మసకబారిన కళ్లతో, అరచేతిలో బొమ్మ చూడమని మీ అమ్మకు చెబుతారా నాయనా?

గొడవపడి గొడుగు పెట్టించాను. పలక ఎక్కడుండాలో అత్తయ్యగారే చూపించారు, నీడ ఎటు తిరుగుతుందో ఆవిడకే కదా తెలుసు. ఆ ఇరవై అడుగుల గొట్టం ఇప్పుడు చిక్కుడు పందిరి మోస్తోంది. బూస్టరు మాత్రం కొట్టువాడు వెనక్కి తీసుకోలేదు.