ఇష్టం లేని ఆత్మ

వెయ్యి పౌన్ల మట్టి కావాలి. అంటే దాదాపు నాలుగున్నర క్వింటాళ్లు. ముక్కలు తెచ్చి అతికిస్తే కుదరదు, ఒకటే ముద్దగా ఉండాలి. దానికి పట్టించడానికి 1,500 బంగారు నాణేల ఖరీదు చేసే నూనెలూ చూర్ణాలూ కావాలి. బొమ్మని మలచడానికి కుమ్మరం పనో శిల్పం పనో వచ్చి ఉండాలి. చేసేవాళ్లు కనీసం పదకొండో స్థాయికి చేరి ఉండాలి. మొత్తం ఖర్చు 21,500 బంగారు నాణేలు. అదికాక చేసేవాళ్ల అనుభవంలోంచి 1,540 పాయింట్లు తరిగిపోతాయి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో, 2003 నాటి నియమాల ప్రకారం, మట్టి గోలెంని తయారుచేసే పద్ధతి ఇది.

ఈ పేజీల్లో ఇదేం గోల అనుకోకండి. ఆట గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు ప్రచురించిన ఆట అది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్లు తలా ఒక పాత్ర వేసుకుని ఆ కథలో తిరుగుతారు. పాత్ర ఏం చెయ్యాలో మనం చెప్తాం, అది జరిగిందో లేదో పాచికలు చెప్తాయి. అంతే. కానీ ఆ 'అంతే' వెనకాల వందల పేజీల నియమ గ్రంథాలున్నాయి. వాటిని సాహిత్యంగా చదవొచ్చని నేను నమ్ముతాను. ధర్మశాస్త్రాలని మనం స్త్రీవాద దృష్టితో చదవడం లేదా? ఒక ఊహాలోకంలో ఎవరు మనిషి, ఎవరు పనిముట్టు అని తేల్చే గ్రంథం కూడా శాస్త్రమే.

కొంతకాలం క్రితం ఒక సదస్సులో ఒక మిత్రురాలు ఈ గోలెంల మీద పత్రం చదివింది. ఇలాంటి ఆటల్లో స్త్రీ పాత్రలు గోలెంని సృష్టించడం గొప్ప విముక్తి అని ఆమె వాదం. గర్భంతో, మగవాడితో పనిలేని సృష్టి అది. ప్రసవం లేదు, వంశం లేదు, ఇంటిపేరు లేదు. స్త్రీ తన చదువుతో, తన చేతులతో, తన సొంత అనుభవంలోంచి కొంత ధారపోసి ఒక ప్రాణిని నిలబెడుతుంది. పాయింట్లు తరిగిపోవడాన్ని ఆమె నెత్తురు పోవడంతో పోల్చింది. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆ చప్పట్లని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఎందుకంటే ఆ పత్రంలో ఒక వాక్యం లేదు. 2003 నాటి రాక్షస గ్రంథంలో గోలెంల గురించి మొదట్లోనే చెప్పిన సంగతి అది. గోలెంని కదిలించేది మంత్రం ఒక్కటే కాదు. భూతత్వ లోకం నుంచి ఒక ఆత్మని పట్టుకొచ్చి ఆ బొమ్మలో బంధిస్తారు. ఆ ఆత్మకి అది ఇష్టం లేదని కూడా గ్రంథమే చెబుతుంది. దాచిపెట్టలేదు, చిన్న అక్షరాల్లో వెయ్యలేదు. ఇష్టం లేని ఆత్మని కట్టేసి, చేసినవాళ్ల ఆజ్ఞకి లోబరచడమే ఈ ప్రక్రియ అని మామూలుగా, వంట పద్ధతి చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు.

ఇది సృష్టి ఎలా అవుతుంది? బొమ్మని చేశాం, నిజమే. ప్రాణాన్ని మనం చెయ్యలేదు. ఎక్కడో తన లోకంలో తానున్న దాన్ని లాక్కొచ్చాం. తల్లి ప్రాణాన్ని ఎక్కణ్ణుంచో ఎత్తుకు రాదు. ఎత్తుకొచ్చి, కట్టేసి, పని చేయించుకోవడానికి మన భాషలో వేరే మాటుంది. వెట్టి. ఇక 21,500 నాణేలు, 1,540 పాయింట్లు అంటారా, అందులో చిల్లిగవ్వ కూడా ఆ ఆత్మకి చేరదు. బానిసని కొన్నవాడు కూడా డబ్బు పోస్తాడు. ధర కట్టడం త్యాగం ఎలా అవుతుందో నా మిత్రురాలు చెప్పాలి.

నాకు ఈ ఆట పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. పిహెచ్.డి. అయ్యాక రెండేళ్లు అమెరికాలో ఒక యూనివర్సిటీలో పనిచేశాను. శనివారం రాత్రుళ్లు నలుగురు మగపిల్లలతో కలిసి, ఆ పాత నియమాలతోనే, ఆడేదాన్ని. నాది పూజారిణి పాత్ర. ఏడాదిన్నర ఆడితే పదకొండో స్థాయికి వచ్చాను. వచ్చిన వెంటనే నేను చేసిన మొదటి పని మట్టి గోలెం. లెక్కలన్నీ నోటు పుస్తకంలో వేసుకున్నాను. పాచికలు పడ్డాయి, బొమ్మ లేచి నిలబడింది. బల్ల చుట్టూ అందరూ కేకలు. నా జీవితంలో నేను అంత గర్వపడిన సందర్భాలు తక్కువ, థీసిస్ వైవాతో సహా. నాలుగు నెలలు అది మా మూటలు మోసింది, తలుపులు బద్దలు కొట్టింది, రాత్రుళ్లు మేం పడుకుంటే కాపలా కాసింది. దానికి పేరు కూడా పెట్టలేదు. 'మట్టోడు' అనేదాన్ని, తెలుగులో, వాళ్లకి అర్థం కాదని.

ఒకరోజు ఏదో సందేహం వచ్చి గ్రంథం మళ్లీ తెరిస్తే ఆ మాట కంటబడింది. 'దీనికి ఇష్టం లేదట, అడగొచ్చా?' అన్నాను. నలుగురూ నవ్వారు. కథ నడిపే అబ్బాయి మంచివాడే, ఓపిగ్గా వివరించాడు. గోలెంకి బుద్ధి అనే అంకె అసలు లేదు, అడిగినా జవాబు చెప్పలేదు, కాబట్టి ఆ ప్రశ్నే లేదు అన్నాడు. నియమం ప్రకారం అతను చెప్పింది నిజం. ఆ పుస్తకంలో గోలెం బుద్ధి ఉండాల్సిన చోట ఒక గీత మాత్రం ఉంటుంది.

బుద్ధి లేనిదానికి అయిష్టం ఎలా ఉంటుంది? ఈ వైరుధ్యం ఆ గ్రంథకర్తలకి కనిపించలేదు. మనకి కనిపించాలి కదా! ఆడవాళ్లకి తర్కం తెలియదు, కానీ అదుపులో పెట్టకపోతే చెయ్యి దాటిపోతారు అని రాసిన గ్రంథాల నిండా ఇదే కదా మనం చదివింది.

ఇంకో విచిత్రం. మట్టి గోలెంకి కావలసిన మంత్రాల్లో ఒకటి దేవుణ్ణి సంప్రదించే మంత్రం. స్థాయికి ఒకటి చొప్పున ప్రశ్నలడగొచ్చు, దేవుడు అవును కాదు అని జవాబిస్తాడు. నా పూజారిణి పదకొండు ప్రశ్నలడగొచ్చన్నమాట. అడిగే విద్య చేతిలోనే ఉంది. దాన్ని పైవాడి దగ్గరే వాడాలి, బంధించబోయేదాన్ని ఒక్క ప్రశ్న అడగక్కర్లేదు. అలాగని ఈ ఆటకి నీతి లేదనీ అనలేం. మాంసపు గోలెం అని ఇంకోటుంది. దానికి కనీసం ఆరు శవాలు కావాలి. కాళ్లూ చేతులకి నాలుగు, తల, మొండానికి ఒకటి, మెదడుకి ఒకటి. దాన్ని చెయ్యాలంటే పాపపు మంత్రం చదవాలని గ్రంథం ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. శవాలని కుట్టడం పాపం. ఇష్టం లేని ఆత్మని మట్టిలో కట్టేస్తే పాపం లేదు, పైగా ప్రార్థనా మంత్రాలతోనే కట్టెయ్యాలి. మైలపడటానికి, హింసించడానికి తేడా తెలియని నీతి మనకి కొత్త కాదు.

చేసినవాళ్లు గోలెంని ఇంకొకరి మాట వినమని అప్పగించవచ్చు. వాళ్లు మరొకరికి. అసలు యజమాని మాత్రం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇది చదివినప్పుడు నాకు తెలంగాణ దొరల ఇళ్లలోని ఆడబాపలు గుర్తొచ్చారు. దొర కూతురికి పెళ్లయితే మంచం, బిందెలతోపాటు అత్తవారింటికి పంపిన ఆడపిల్లలు.

అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఇంట్లో ఒక పిల్ల ఉండేది. పదేళ్లుంటాయేమో. నాకు ఎంసెట్ కోచింగ్, అమ్మకి ఉద్యోగం, నాన్నకి ఏదీ పట్టదు. ఆ పిల్ల గిన్నెలు తోమేది, బట్టలు మడిచేది, రాత్రి నేను చదువుకుంటుంటే టీ పెట్టి తెచ్చి, నా మంచం పక్కనే చాప మీద పడుకునేది. వచ్చిన కొత్తలో ఏడిచేది. 'దానికేం తెలుసు, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది' అన్నారు పెద్దవాళ్లు. సర్దుకుంది. పేరు పలకడం కష్టంగా ఉందని మేమే వేరే పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను. తర్వాత మా అక్కకి కాన్పయితే ఆ పిల్లని అక్క దగ్గరికి పంపారు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇళ్లలో పనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరులో నిషేధం వచ్చినప్పుడు, వాళ్ల నాన్నొచ్చి తీసుకెళ్లాడని విన్నాను. నా చదువు ఆ టీ మీద నడిచింది. ఈ మాట నా థీసిస్ ముందుమాటలో లేదు. సూపర్‌వైజర్‌కీ లైబ్రరీకీ కృతజ్ఞతలు ఉన్నాయి.

గోలెం యూదుల కథ. ఆటలోకి రాకముందు దానికి శతాబ్దాల చరిత్ర ఉంది. తల్మూద్‌లో రవా అనే పండితుడు ఒక మనిషిని చేసి రబ్బీ జైరా దగ్గరికి పంపిస్తాడు. జైరా పలకరిస్తాడు. అది మాట్లాడదు. మాట్లాడలేదు గనక మనిషి కాదని తేల్చి, మట్టిలో కలిసిపొమ్మంటాడు. అదే సన్‌హెద్రిన్ భాగంలో మరోచోట ఆడదాన్నే గోలెం అన్నారు. అంటే ఇంకా రూపం రాని ముద్ద, తనని పాత్రగా మలిచిన మగవాడితోనే ఆమెకి బంధం అని.  పదకొండో శతాబ్దపు కవి సోలొమన్ ఇబ్న్ గబిరోల్ తనకి సేవ చెయ్యడానికి ఒక ఆడమనిషిని చేసుకున్నాడని పదిహేడో శతాబ్దంలో ఒక కథ రాసుకున్నారు. పైవాళ్లు నిలదీస్తే ఆమె కీళ్లూ చెక్కలూ ఊడదీసి చూపించాడట, ఇది మనిషి కాదండీ అని. ఇంటిపని చేసే గోలెం ఆడది కావడానికి ఎవరూ కారణం చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు. ప్రాగ్ రబ్బీ గోలెం కథ వేరు. 1909లో యూదెల్ రోజెన్‌బెర్గ్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన రూపంలో అది రక్తపు నిందల నుంచి యూదులని కాపాడుతుంది. చావు భయంలో బతికిన జనం ఊహించుకున్న కాపలాదారు అది. ఆ భయాన్ని ఆట వదిలేసి, బలాన్ని మాత్రం తెచ్చుకుంది.

(వినాయకుడి సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. నలుగుపిండితో చేసి కాపలా పెట్టింది పార్వతి కూడా, ఒప్పుకుంటాను. కానీ ఆమె కొడుకని పిలిచింది, తల పోతే లోకాలు దద్దరిల్లేలా అడిగింది.)

స్త్రీ చేతుల్లో గోలెం వేరుగా ఉంటుందనేవాళ్లు సింథియా ఓజిక్‌ని చదవాలి. ఆమె పుటర్‌మెసర్ న్యూయార్క్‌లో చదువుకున్న లాయరు, మనలాంటిది. కుండీల మట్టితో ఒక ఆడ గోలెంని చేస్తుంది. ఆ గోలెంకి మాట లేదు, కానీ రాయగలదు. యజమాని పెట్టబోయిన పేరు కాదని, తన పేరు జాంతిపీ అని తనే తేల్చుకుంటుంది. వండిపెడుతుంది, యజమానిని నగర మేయర్‌ని చేస్తుంది. చివరికి ఆ యజమాని చేతిలోనే మళ్లీ మట్టవుతుంది. ఓజిక్ దీన్ని విముక్తి అనలేదు. నవ్విస్తూనే మన కుర్చీ కింద ఎవరున్నారో చూపించింది.

నన్ను అసలు కలవరపెట్టింది 2014 నాటి ఐదో ఎడిషన్. అందులో కూడా భూతత్వ లోకపు ఆత్మ ఉంది. అయిష్టం మాత్రం పోయింది. ఆ ఆత్మకి ఇప్పుడు జ్ఞాపకం లేదు, వ్యక్తిత్వం లేదు, గతం లేదు, అది కదలడానికీ లోబడటానికీ ఒక ప్రేరణ మాత్రమే అని రాశారు. బుద్ధికి మాత్రం ఈసారి అంకె ఇచ్చారు. యజమాని భాషలు దానికి అర్థమవుతాయి, మాట్లాడలేదు. 2003లో ఇష్టం లేదు గానీ బుద్ధి లేదన్నారు. 2014లో బుద్ధి ఉంది గానీ గతం లేదన్నారు. కారణం మారింది, చాకిరి మారలేదు. ఆ అయిష్టం గ్రంథకర్తలనే ఇబ్బంది పెట్టిందేమో, నా ఊహ. ఇబ్బంది పెట్టినప్పుడు రెండు దారులుంటాయి, విడిచిపెట్టడం, లేదా వద్దనే మనిషే లేదని రాయడం. వాళ్లు రెండోది ఎంచుకున్నారు. మా ఇంట్లో 'సర్దుకుంది' అన్న మాట చేసిన పని కూడా అదే.

అయినా పూర్తిగా తుడవలేకపోయారు. ఈ రెండు ఎడిషన్లలోనూ మట్టి గోలెం పోరాటంలో తిరగబడవచ్చు. ఐదో ఎడిషన్‌లో మాంసపు గోలెం తిరగబడితే యజమాని గట్టిగా, నచ్చజెప్పేలా మాట్లాడి శాంతింపజెయ్యొచ్చు. మట్టి గోలెంకి ఆ వీలు లేదు. ఎవరి మాటా వినదు. గతమూ వ్యక్తిత్వమూ లేని వట్టి ప్రేరణకి అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆట మానెయ్యమని నేను అనడం లేదు. నేనూ మానలేదు. ఆ రాత్రి నా పూజారిణి మట్టోణ్ణి విడిచిపెట్టాలనుకుంటే నియమాల్లో దారి దొరకలేదు. పగలగొట్టడం ఒక్కటే ఉంది. పగలగొడితే ఆత్మ వెనక్కి వెళ్తుందా అని అడిగాను. కథ నడిపే అబ్బాయి పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. రాయలేదు అన్నాడు, ఈసారి నవ్వకుండా. నేను పగలగొట్టలేదు, మూటలూ మోయించలేదు. మిగిలిన ఆటంతా అది ఒక గుడి వాకిట్లో నిలబడి ఉంది. దాన్ని దయ అని నేను చెప్పుకోను.

మిత్రురాలి పత్రం పుస్తకంలో వస్తోందట. ఆమె భాష నాకు ఇష్టం, ధైర్యం ఇష్టం. అచ్చుకి వెళ్లేలోపు ఆ ఆత్మకి ఇష్టం లేదన్న సంగతి ఒక్కటి అందులో చేర్చమని అడుగుతున్నాను. చేర్చాక కూడా విముక్తి అన్న మాట అక్కడ నిలబడుతుందంటే, అలాగే ఉంచమనండి.