పరీక్ష కణితికి, వంశమునకు కాదు

ఇంగ్లీషు వైద్యపత్రములను తెనుగు చేయుట నా ఉద్యోగము. రొమ్ము క్యాన్సరును గూర్చిన పత్రము నొకదానిని తెనిగించుచు ఒక మాట వద్ద ఆగిపోయితిని. "జన్యు పరీక్ష" అని వ్రాసినచో శాస్త్రమునకు లోపము లేదు. కాని చదువరి మనస్సులో "మా వంశములో దోషమున్నదా? ఆడపిల్లల పెండ్లిండ్లకు అడ్డు వచ్చునా?" అను శంక వెంటనే పుట్టును. ఆ శంకచే ఒక్క స్త్రీ పరీక్షకు వెనుకాడినను ఆ తప్పు అనువాదకునిదే. అందుచే "కణితి జన్యు పరీక్ష" అని వ్రాసితిని. ఇది కేవలము మాటల భేదము కాదు.

జన్యు పరీక్షలు రెండు విధములు. మొదటిది తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులను పరిశీలించునది. దీనికి నెత్తురునో లాలాజలమునో తీసికొందురు. బ్రాకా-1, బ్రాకా-2 అను జన్యువులలోని మార్పులు దీనివలన తెలియును. రొమ్ము క్యాన్సరులలో ఇట్లు వంశానుగతముగా వచ్చునవి నూటికి 5 మొదలు 10 వరకు మాత్రమే. రెండవది, శరీరము నుండి తీసిన కణితి ముక్కలో కొన్ని జన్యువులు ఎంత చురుకుగా పనిచేయుచున్నవో కొలుచునది. ఇది కడుపున పుట్టిన బిడ్డలను గూర్చి గాని, తోబుట్టువులను గూర్చి గాని ఏమియు చెప్పదు. ఆ వ్యాధి తిరుగబెట్టు అవకాశమెంత, కీమోథెరపీ వలన మేలెంత అనునవి నిర్ణయించుటకే ఇది తోడ్పడును.

ఆ నిర్ణయము చిన్నది కాదు. కీమోథెరపీ వలన జుట్టు రాలును, వాంతులగును, తెల్లకణములు తగ్గి అంటువ్యాధులు సోకవచ్చును. కొందరికి ముట్లు నిలిచిపోవును. కూలిపని చేయువారికి నెలల తరబడి జీతము పోవును. మేలు కలుగునప్పుడు ఈ కష్టమును ఓర్చుకొనవలసినదే. మేలు లేనప్పుడు ఓర్చుకొనుట ఎందుకు?

ఈ ప్రశ్నకు 2018లో వెలువడిన టైలరెక్స్ పరిశోధన చాలవరకు సమాధానమిచ్చినది. హార్మోను గ్రాహకములు కలిగి, హెర్-2 లేక, చంకలోని గ్రంథులకు వ్యాపింపని క్యాన్సరు గల 10,000 మందికి పైగా స్త్రీలు అందులో చేరిరి. వారి కణితులలో 21 జన్యువులను పరీక్షించి 0 మొదలు 100 వరకు అంకెలు వేసిరి. 11 నుండి 25 వరకు అంకె వచ్చిన 6,711 మందిలో కొందరికి హార్మోను చికిత్స మాత్రమే, కొందరికి దానితోపాటు కీమోథెరపీ ఇచ్చిరి. తొమ్మిదేండ్ల తరువాత వ్యాధి తిరుగబెట్టకుండ, కొత్త క్యాన్సరు రాకుండ జీవించియున్నవారు మొదటి వర్గమున నూటికి 83.3, రెండవ వర్గమున 84.3. భేదము స్వల్పము. అయితే 50 ఏండ్లలోపు వయస్సుండి, అంకె 16కు తగ్గనివారిలో కీమోథెరపీ వలన కొంత మేలు కనబడినది. మన దేశమున ఈ వ్యాధి చిన్న వయస్సులోనే వచ్చువారు పెక్కుమంది గనుక ఈ హెచ్చరికను మరువరాదు.

హెర్-2 గల కణితులకును, హార్మోను గ్రాహకములు లేని కణితులకును ఈ పరీక్ష పనికిరాదు. అందుచే గ్రాహకముల పరీక్ష, హెర్-2 పరీక్ష ముందుగా సక్రమముగా జరుగవలెను. అవి లేక జన్యు పరీక్షకు పరుగెత్తుట పునాది లేక గోడ కట్టుట వంటిది.

ఖర్చు మాటేమని పాఠకులు అడుగుదురు. ఈ పరీక్ష మిక్కిలి ఖరీదైనదే. బెంగుళూరులో రూపొందిన మరియొక పరీక్ష కణితిలోని ఐదు మాంసకృత్తులను చూచి ఇట్టి అంచనాయే వేయును. పరీక్ష కొరకు పొలము అమ్ముకొనవలదు. వయస్సు, కణితి పరిమాణము, దాని స్వభావము, గ్రంథుల స్థితి చూచి అనుభవజ్ఞుడైన వైద్యుడు నిర్ణయము చేయగలడు. కాని ఆ లక్షణములు ఎటును తేల్చనిచోట, ఒక్క అంకె నిర్ణయమును మార్చగలచోట, ప్రభుత్వ వైద్యశాలలు దీనిని బీదవారికి అందించుట న్యాయమని నా అభిప్రాయము. అక్కరలేని కీమోథెరపీకి అగు వ్యయమును, రోగి పడు బాధను కూడ లెక్కలో వేయవలెను గదా!

తక్కువ అంకె వచ్చినదని హార్మోను మాత్రలు మానరాదు. వానిని సామాన్యముగా ఐదేండ్లకు తక్కువ గాకుండ వాడవలెను. తుదకొక మాట. ఫలితమును భర్తకో కుమారునికో చెప్పి పంపుట చాలదు. కీమోథెరపీ కష్టమును భరించునది ఆమె. కనుక ఆ అంకె యొక్క అర్థమును ఆమెకే, ఆమె భాషలో, ఆమె అడిగినన్ని సార్లు చెప్పవలెను.