ఐసు పెట్టె మూత

కిందటి నెల చెమటకాయల గూర్చి రాసినందుకు ముగ్గురు ఫోను చేశారు. నాలుగో వారు పౌడరు డబ్బాయే పంపి, ఇది మంచిదో కాదో చెప్పమన్నారు. వాసన మంచిదే, అంతకంటె చెప్పలేము. ఈ నెల చేపల సంగతి. శాకాహారులు పేజీ తిప్పేయవద్దని మనవి. తాము తినకపోయినా, చేప తినే అల్లుడో వియ్యంకుడో లేని ఇల్లు అరుదు.

మొన్న జనవరిలో మా మరిది మిన్నెసోటా నుండి పది రోజుల కోసం వచ్చాడు. అక్కడి చలి వదిలించుకోవడానికి వచ్చినవాడు, వచ్చిన మర్నాటి నుండి ఆ చలి కబుర్లే. వాళ్ళ ఊరి వెనక చిన్న రిజర్వాయరు ఉన్నదట. డిసెంబరు వచ్చేసరికి అది పైన గడ్డకడుతుంది. మంచు మందం నాలుగంగుళాలు దాటితే మనిషి నడవవచ్చు. పెద్ద బరమా లాంటి దానితో జానెడు చిల్లి పెట్టి, ముక్కాలిపీట వేసుకుని, మూరెడు కర్రకు గాలం కట్టి దింపి కూర్చుంటారట. గంటలకు గంటలు! పైన గడ్డకడితే కింద చేప ఎలా బ్రతుకుతుందని మా పెద్దవాడు అడిగాడు. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటె బరువుగా ఉంటాయి. అంతకంటె చల్లబడినవి తేలికై పైకి వచ్చి పైనే గడ్డకడతాయి. అడుగున చేప, మందకొడిగానైనా, తన బ్రతుకు తాను బ్రతుకుతూనే ఉంటుంది. ఈ మాత్రం చెప్పగలిగినందుకు ఇంటర్మీడియట్ ఫిజిక్సు మాస్టారికి మనసులో దండం పెట్టుకున్నాము.

గాలి తగలకుండా చిన్న గుడారం వేసి లోపల గ్యాసు హీటరు పెట్టుకుంటామని అతగాడు చెప్పేసరికి మాత్రం మా డాక్టరీ ఊరుకోలేదు. గాలి ఆడని చోట మంట పెడితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలా వచ్చి మనిషిని తీసుకుపోతుంది. చలికాలం ఎడారి క్యాంపులకు వెళ్ళి, రాత్రి బొగ్గుల కుంపటిని గుడారంలోకి లాక్కునే మనవాళ్ళకూ ఇదే మాట.

"మీ దేశంలో ఐసూ లేదు, చెరువూ లేదు, ఎలా ఉంటున్నావు వదినా?" అన్నాడు. మంచు అసలు పడదనేమీ లేదు, 2009లోనూ 2017లోనూ జబల్ జైస్ కొండ మీద పడింది. దానితో గ్లాసుడు నీళ్ళు కూడా గడ్డకట్టవన్నది వేరే సంగతి. చెరువు మాట పడనివ్వకూడదని హత్తా డ్యాముకు తీసుకువెళ్ళాము. రాతికొండల నడుమ ఆకుపచ్చని నీళ్ళు, నీళ్ళ మీద కయాకు పడవలు. పిల్లలు సంబరపడ్డారు. అతగాడు గట్టున నిలబడి, గాలం లేని నీళ్ళు నీళ్ళేనా అన్నట్లు చూశాడు. సరే, ఆ ముచ్చట కూడా తీరుద్దామని, మర్నాటి శనివారం తెల్లవారుజామున ఖోర్‌ఫక్కాన్ వెళ్ళి, లైసెన్సు ఉన్న అద్దె పడవ ఒకటి మాట్లాడుకున్నాము.

పడవ మీద పనిచేసే కుర్రాడు శ్రీకాకుళం జిల్లావాడు. మాట వినగానే తెలిసిపోయింది. ఆ తీరం జాలర్లు పొట్ట చేతపట్టుకుని గుజరాతులోని వేరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వారి చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి చేరిన వారూ ఆ ప్రాంతం వాళ్ళే. ఈ కుర్రాడు ఇంకాస్త ముందుకు వచ్చాడు, అంతే. మమ్మల్ని "అమ్మా" అనీ, మావారిని "బాబూ" అనీ పిలుస్తూ, పిండి ముద్ద ఎలా గుచ్చాలో మరిదికి చూపించాడు.

ఏడు గంటలకల్లా మరిదికి మూడు కేజీల సూర చేప పడింది. ఆనందానికి పట్టపగ్గాలు లేవు, పదహారు ఫోటోలు. తరువాత రేవు గోడ దగ్గరకు వచ్చి లంగరు వేసినప్పుడు పడ్డది సాఫి. సాఫి అంటే ఇక్కడివాళ్ళకు ప్రాణం. అది గుడ్లు పెట్టే కాలమని కొన్నేళ్ళుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో పట్టడమే నిషేధించారు. చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ, వీపు మీద 13, అడుగున 7, పొట్ట దగ్గర 4, వెరసి 24 ముళ్ళు, ప్రతి ముల్లులోనూ విషం. మరిది దాన్ని గుప్పిట పట్టుకున్నాడు.

కేకకు పక్క పడవలవాళ్ళు కూడా తిరిగి చూశారు. బొటనవేలి మొదట్లో చిన్న చుక్క, అంతే. కానీ ఐదు నిమిషాల్లో నొప్పి మోచేతి దాకా పాకింది. మనిషి తెల్లబోయి చెమటలు కక్కుతున్నాడు. మావారు ఐసు పెట్టె మూత తెరిచి, దోసెడు ఐసు తీసి చెయ్యి దానిలో ముంచమన్నారు. ముంచాడు. ఇంకా గట్టిగా అరిచాడు.

"ఐసెట్టకండి బాబూ! పోటు ఎక్కువైపోద్ది. ఉడుకునీలెట్టండి!" అన్నాడు కుర్రాడు.

ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. పదేళ్ళ కిందట పుస్తకంలో చదివిన ముక్క మాకూ తెలుసు. అది గుర్తుకు వచ్చేలోపల అతను చెప్పేశాడు. సాఫి, టేకు, జెల్ల లాంటి చేపల ముల్లులో విషం ప్రోటీను జాతిది. వేడికి అది విరిగిపోతుంది. చెయ్యి తట్టుకోగలిగినంత వేడి, అంటే 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుండి గంటన్నర దాకా నీళ్ళలో ఉంచాలి. దెబ్బ తగలని చేతితో ముందు వేడి చూడాలి సుమా, మొద్దుబారిన చెయ్యికి కాలినా తెలియదు. టీ కోసం తెచ్చిన ఫ్లాస్కు నీళ్ళు బకెట్టులో సముద్రపు నీళ్ళతో కలిపి ముంచాము. ఇరవై నిమిషాలకు మరిది మొహంలోకి రంగు వచ్చింది. గట్టుకు చేరాక టెటనస్ ఇంజెక్షను, ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమోనని ఎక్స్‌రే. ఏమీ లేదు.

ఈ హడావిడిలో ఐసు పెట్టె మూత వేయడం అందరమూ మరిచాము. సూర చేప పెట్టెలోకి వెళ్ళనే లేదు. పడవ అంచు మీద పడి ఉండి, తరువాత ప్లాస్టిక్ సంచిలో కారు డిక్కీలోకి, అక్కడ నుండి సాయంత్రం అయిదింటికి మా ఇంటి సింకులోకి వచ్చింది. చూడటానికి ఏ లోపమూ లేదు, కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. మేము దాన్ని చెత్తబుట్టలో వేశాము.

"అది నా చేప వదినా! వాసన కూడా రావడం లేదు. ఉప్పూ కారం వేసి బాగా వేయిస్తే ఏమవుతుంది?" అని మరిది మొరపెట్టుకున్నాడు. మావారు కూడా, వండకపోతే మానె, ఆ విసురు ఏమిటన్నట్లు చూశారు. అప్పుడు వాళ్ళకు చెప్పిన సంగతే ఇక్కడా రాస్తున్నాము. సంబంధించిన పిన్నిగారు, "రాయమ్మా, పదిమందికీ తెలుస్తుంది" అన్న మీదటనే రాస్తున్నాము.

2019 జూనులో పిన్నిగారు కూతురి పురుటికి కాకినాడ నుండి వచ్చారు. పుట్టినిల్లు ఉప్పాడ. సముద్రం అలికిడి వింటూ పెరిగిన మనిషి. ఒక గురువారం రాత్రి తొమ్మిదింటికి అల్లుడుగారు ఆవిడను మా క్లినిక్కుకు తీసుకువచ్చారు. మొహమూ మెడా ఎర్రగా కందిపోయి ఉన్నాయి, తల పగిలిపోయే నొప్పి, గుండె దడ, ఒంటి మీద దద్దుర్లు. చేపల పులుసుతో అన్నం తిన్న ముప్పావు గంటకు మొదలైందన్నారు. ఇంట్లో ఇంకెవరికీ ఏమీ లేదు. ఇంజెక్షను ఇచ్చాము, రెండు గంటల్లో తగ్గింది. కాగితం మీద "చేప ఎలర్జీ" అని రాసి, దాని కింద రెండు గీతలు గీసి, "ఇక జన్మలో చేప ముట్టకండి పిన్నిగారూ, ఈసారి ప్రాణం మీదికి రావచ్చు" అన్నాము. ఆ గీతలు గీసిన తీరు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మాకు ఎంత నిశ్చయం!

అరవై రెండేళ్ళు చేపలు తిన్న మనిషికి ఆ రాత్రే ఎలర్జీ ఎందుకు వచ్చిందని మేము అడగలేదు. ఇంట్లో మిగతావారు ఆ పులుసు తిన్నారా అనీ అడగలేదు. కూతురు బాలింత, పథ్యం. అల్లుడుగారికి గురువారం నియమం. తిన్నది ఆవిడ ఒక్కరే. "ఇంకెవరికీ ఏమీ లేదు" అన్న మాటకు అర్థం ఏముంది? ఆ చేప ఎప్పుడు కొన్నారు, ఎక్కడ ఉంచారు అన్న ప్రశ్న మా నోటి దాకా కూడా రాలేదు.

2022 డిసెంబరులో ఒక రాత్రి షార్జాలో ఒకే గదిలో ఉండే ముగ్గురు బ్రహ్మచారులు కలిసి వచ్చారు. ముగ్గురికీ అవే ఎర్ర మొహాలు, అదే తలనొప్పి, అదే దడ. ముగ్గురూ కలిసి సూర చేప వేపుడు తిన్నారు. ఒకరు నెల్లూరు, ఒకరు కరీంనగరు, ఒకరు కేరళ. ముగ్గురికీ ఒకే రాత్రి, ఒకే గంటలో కొత్తగా ఎలర్జీ పుట్టదు. వాళ్ళకు మందు ఇస్తుండగానే పిన్నిగారు గుర్తుకు వచ్చారు. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు.

జరిగేది ఇది. సూర, కానాగంత, కవళ్ళు, వంజరం వంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక చల్లగా ఉంచకపోతే, దాని మీది బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఎలర్జీలో మన ఒళ్ళు లోపల విడుదల చేసే పదార్థమే అది. ఇక్కడ పళ్ళెంలో నుండి నేరుగా వస్తుంది. అందుకే రెండూ ఒకే మాదిరి కనిపిస్తాయి. ఒకసారి తయారైన హిస్టమిన్ మరిగించినా పోదు, వేయించినా పోదు, ఫ్రీజరులో పెట్టినా పోదు. వాసన తేడా ఉండకపోవచ్చు. నాలుక మీద మిరియం కొరికినట్లు చురుక్కుమంటే మాత్రం ముద్ద ఊసెయ్యండి. కిలో చేపలో 200 మిల్లీగ్రాములు దాటరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్సు హద్దు పెట్టింది. మన వంటింట్లో కొలిచే సాధనం లేదు. మనకున్నదల్లా ఐసే. చేపను 4 డిగ్రీలకు లోపల ఉంచితే ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. మిన్నెసోటాలో చిల్లిలో నుండి తీసి మంచు మీద పడేసిన చేప క్షణాల్లో కొయ్యబారిపోతుంది, ఆ ఊరికి ఈ బాధ లేదు.

2023 సంక్రాంతికి పిన్నిగారు వచ్చారు. మేమే వాళ్ళింటికి వెళ్ళాము. "పిన్నిగారూ, మీకు ఎలర్జీ లేదేమోనని అనుమానం. పొరపాటు మాది" అని చెప్పాము. ఆవిడ ఏమీ అనకముందే అల్లుడుగారు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. ఆ రోజు పొద్దున్నే ఆరింటికి చేపలు కొని, డిక్కీలో పెట్టి, ఆఫీసులో ఏదో పని తగిలి, మధ్యాహ్నం మూడింటికి ఇంటికి చేర్చారట. జూను నెలలో! డాక్టరుగారు ఎలర్జీ అనగానే, తన తప్పు కాదులే అని ఊపిరి పీల్చుకుని, తరువాత ఎప్పుడూ నోరు విప్పలేకపోయారట. ఆయనను మేము ఏమనగలము? మేము అడిగి ఉంటే ఆయన ఆ రాత్రే చెప్పేవారు.

ఎలర్జీ స్పెషలిస్టు దగ్గర చర్మ పరీక్ష, రక్త పరీక్ష చేయించాము, రెండిటిలోనూ ఏమీ లేదు. ఆ తరువాత ఆయన ఆసుపత్రిలోనే, అన్ని మందులూ పక్కన పెట్టుకుని, తాజా కానాగంత ముక్క చిటికెడుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచి తినిపించారు. గంటల తరబడి చూశారు. ఏమీ కాలేదు. పిన్నిగారు చేతివైపు చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. ఈ నాలుగేళ్ళలో ఆవిడ ఉప్పాడ పెళ్ళిళ్ళకు వెళ్ళడమే మానేశారట. ఎవరి చేతి గరిటె చేప గిన్నెలో మునిగి తన విస్తరిలోకి వస్తుందోనని భయం. సొంత అన్నగారింట్లో కూడా పెరుగన్నం తిని వచ్చేవారట.

చివరికి, "నాలుగు పులస సీజన్లు పోయినాయి కదమ్మా" అన్నారు. కోపంగా కాదు. లెక్కగా.

గోదావరికి ఎర్రనీరు వచ్చే ఆ రెండు మూడు నెలలూ అక్కడి ఇళ్ళలో ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ లెక్క తెలుస్తుంది. మేము గుంటూరు వైపు వాళ్ళము, అయినా తెలిసింది.

ఇది చదివి, నాదీ ఎలర్జీ కాదేమోనని ఇంట్లో ఎవరూ పరీక్షలు పెట్టుకోవద్దు. నిజమైన చేప ఎలర్జీ ఉన్నది, తాజా చేపకైనా తిన్న ప్రతిసారీ వస్తుంది, ప్రాణాలు తీస్తుంది. పెదవులో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా, కారణం వెతుక్కోకుండా 998కి ఫోను చేయండి. తేరుకున్నాక మాత్రం డాక్టరుకు చెప్పండి: ఏ చేప, ఎప్పుడు కొన్నది, ఎంతసేపు బయట ఉన్నది, ఇంకెవరు తిన్నారు. డాక్టరు అడగకపోయినా చెప్పండి.

దేరాలో పాత చేపల బజారు పోయి 2017లో వాటర్‌ఫ్రంట్ మార్కెట్టు వచ్చాక లోపల అంతా ఏసీయే. చేప పాడయ్యేది ఎక్కువగా అక్కడ కాదు, మన కార్లలో. కూరలూ కిరాణా అయ్యాక చేప చివర కొనండి. శుభ్రం చేసే కుర్రాణ్ణి రెండు గుప్పిళ్ళు ఐసు అడగండి, కాదనడు. డిక్కీలో ఒక ఐసు పెట్టె పడి ఉండనివ్వండి. మా పెట్టెకు ఇప్పుడు మూత మీద మా పెద్దవాడు స్కెచ్ పెన్నుతో "మూత!" అని రాసి పెట్టాడు.

మరిది తిరిగి వెళ్ళేముందు వంజరం కొని, ఐసులో తెచ్చి, వేపుడు చేసి పెట్టాము. నాలుగు ముక్కలు తిన్నాడు గానీ, తన సూర చేప సంగతి ఇప్పటికీ ఫోనులో ఎత్తుతూనే ఉంటాడు.

వచ్చే నెల, చాలామంది అడిగిన విటమిన్ డి గూర్చి. ఇంత ఎండలో ఉండీ మనకు అది ఎందుకు తక్కువన్న ప్రశ్న బాగానే ఉంది.