ఎత్తే పిల్లకి వదిలేసే ధైర్యం కూడా కొనివ్వండి

అన్నలూ, తమ్ముళ్లూ, ఎప్పుడూ పురుగుమందులు, కాటా మోసాలు, ధాన్యం రేటు గురించే రాస్తుంటాను. ఈసారి మా ట్రాక్టర్ షెడ్డులో ఒక మూల గురించి రాస్తున్నా. నవ్వకండి, చివరిదాకా చదవండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకునే పిల్లలుంటే పనికొస్తుంది.

మన వైపు ఈ ఆట కొత్తదేం కాదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ రోజు క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు లేపింది. యూరియా బస్తా 45 కిలోలు కదా, దాదాపు మూడు బస్తాలు తల మీదికి ఎత్తినట్టు! విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. వాళ్లని చూసి మా అమ్మాయి కూడా స్కూల్లో మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటర్.

సెలవులకి ఇంటికొస్తే ప్రాక్టీసు పోతుందని, షెడ్డులో ఒక మూల ఖాళీ చేసిచ్చా. ప్లేట్లు మాత్రం నా తెలివితో కొన్నా. కిలో ఎంత అని అడిగి, బేరమాడి, ఇనుప ప్లేట్లు తెచ్చా. రెండో రోజే సిమెంటు గచ్చు పెచ్చు లేచింది. "ఏంటమ్మా ఆ పడేయడం? నెమ్మదిగా దించలేవా?" అని అరిచా.

మర్నాడు బరువు తల మీద ఉండగా అదుపు తప్పింది. అలాంటప్పుడు వదిలేసి తప్పుకోవాలి. పిల్ల నా అరుపు గుర్తొచ్చి పట్టుకుని దించబోయింది. నడుం పట్టేసింది. మూడు వారాలు వంగలేకపోయింది, జిల్లా పోటీలు పోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ల కోచ్ సార్ మాత్రం ఫోన్‌లో, "మేం ఎత్తడం కన్నా ముందు వదిలేయడం నేర్పుతామండీ" అన్నారు. సిగ్గేసింది.

మన తాతలకి ఈ సంగతి తెలుసు. మా ఊళ్లో సంగిడి రాయి ఎత్తేవాళ్లు ఇసక పోసిన చోటే ఎత్తేవాళ్లు. ఎత్తి, వెనక్కి చూడకుండా పడేసేవాళ్లు. రాయి పడే చోటు ముందు చూసుకున్నాకే రాయి ఎత్తేవాళ్లన్నమాట.

అందుకే నా అభిప్రాయం ఇది: తల మీదికి ఎత్తే పిల్లలకి మొదటి జత బంపర్ ప్లేట్లే కొనండి. అంటే మధ్యలో ఇనుప రింగు, చుట్టూ అంతా రబ్బరు ఉన్నవి. సెట్టు మొత్తం కొనక్కర్లేదు. ఒక మంచి జత చాలు.

ఎందుకంటే, పోటీల్లో పెద్ద ప్లేట్లు 10 కిలోలైనా 25 కిలోలైనా అడ్డకొలత ఒకటే, 45 సెంటీమీటర్లు. మామూలు బంపర్ ప్లేట్లూ ఆ కొలతకే చేస్తారు. దాంతో రాడ్డు నేల నుంచి జానెడు ఎత్తులో ఉంటుంది. 10 కిలోల ఇనుప ప్లేటు చిన్నది, రాడ్డు కిందికి దిగిపోతుంది, పిల్ల అదనంగా వంగాలి. ఇంకో లాభం, రబ్బరు జత లోపల వేసి దాని బయట చిన్న ఇనుప ప్లేట్లు వేస్తే నేలకి ముందు తగిలేది రబ్బరే. పాత ఇనుము కొన్నాళ్లు పనికొస్తుంది. అలాగని ఇనుము పెంచుకుంటూ పోకండి, దెబ్బంతా ఆ ఒక్క జత మీదే పడుతుంది. బరువు పెరిగితే ఇంకో జత కొనాల్సిందే.

కొనేముందు నాలుగు చూడండి.

ఒకటి, బెజ్జం. ఇళ్లకి అమ్మే సెట్లలో రాడ్డు సన్నంగా, 28, 30 మిల్లీమీటర్లుంటుంది. బంపర్ ప్లేట్లు 50 మిల్లీమీటర్ల చివరలున్న రాడ్డుకే పడతాయి. ముందు రాడ్డు తేల్చుకోండి. ఆడపిల్లల పోటీ రాడ్డు 15 కిలోలు, మగపిల్లలది 20.

రెండు, రబ్బరు. ఇనుము మీద రబ్బరు పూతేసి "రబ్బరు ప్లేట్లు" అని చూపిస్తారు. అవి బంపర్లు కావు. పై నుంచి పడేస్తే పూత పగులుతుంది. నిజమైన బంపర్లలో కూడా పాత టైర్ల పొడితో చేసినవి మందంగా ఉంటాయి, పడ్డాక బాగా ఎగురుతాయి. రాడ్డు తిరిగొచ్చి మోకాలికి తగలొచ్చు. కొత్త రబ్బరువి తక్కువ ఎగురుతాయి, రేటు ఎక్కువ. చోటు ఇరుకైతే ఆ ఎక్కువ పెట్టడమే మేలు.

మూడు, మధ్య రింగు. వేలితో తిప్పి చూడండి. కదిలితే తీసుకోకండి. కదిలే రింగు రేపు ఊడుతుంది.

నాలుగు, తూకం. కాటా దగ్గర మనం ఎన్నిసార్లు మోసపోలేదు? మరి ప్లేటు మీద అచ్చేసిన అంకె ఎలా నమ్ముతాం? పోటీల్లో 10 కిలోల ప్లేటుకి 10 గ్రాములు ఎక్కువ, 5 గ్రాములు తక్కువ వరకే ఒప్పుకుంటారు. ఇంటికి అంత పట్టింపు అక్కర్లేదు. నేనైతే జతలో రెండిటి మధ్య వంద గ్రాములు దాటితే వెనక్కిచ్చేస్తా. ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూడండి, మొహమాటపడకండి.

15 కిలోల రాడ్డుకి 10 కిలోల జత వేస్తే 35 కిలోలు. ఇప్పుడే మొదలుపెట్టే పిల్లలకి అది ఎక్కువ. వాళ్లకి ఖాళీ రాడ్డు, తర్వాత అదే కొలతలో వచ్చే 5 కిలోల జత. కానీ 5 కిలోల బంపరు పల్చన, దాని బయట ఇనుము తగిలించి పడేస్తే వంగిపోతుంది. ఎంత బరువు, ఎప్పుడు పెంచాలన్నది మాత్రం కోచ్‌నే అడగండి. మనం చెప్పకూడదు.

ఇక నేల. ప్లైవుడ్ రెండు వరసలు వేసి, ప్లేట్లు పడే రెండు పక్కలా గేదెల కొట్టంలో వేసే రబ్బరు మ్యాట్లు పరిచా. డీజిల్, గ్రీజు రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తాయి, ఎండ పగలగొడుతుంది. షెడ్డులో ట్రాక్టర్‌కి దూరంగా, నీడలో పెట్టండి.

"ఇంత ఖర్చా, అదీ ఆటకా?" అంటారని తెలుసు. నేనూ అన్నవాణ్ణే. చౌక విత్తనం కొని పంట పోయాక, బస్తాకి మిగిలిన డబ్బులు ఎవరూ లెక్కపెట్టుకోరు. ఆ ఇనుప ప్లేట్లలో నాకు మిగిలిందీ అంతే.

ఇప్పుడు పొద్దున్నే షెడ్డులోంచి ధబ్బుమని చప్పుడొస్తుంది. గేదెలు మొదట్లో బెదిరాయి, అలవాటు పడ్డాయి. నాకే ఇంకా గుండె ఝల్లుమంటుంది. అయినా అరవను.