దానిని తీర్థమనకండి



గోల్ఫు విహారానికని స్కాట్లాండు వెళ్ళివచ్చిన మనవారి యాత్రాకథనాలు ఈమధ్య తరచుగా నా కంటబడుతున్నవి. సెయింట్ ఆండ్రూస్ మైదానంలో ఆట, ఆ తరువాత ఐలా ద్వీపంలో విస్కీ బట్టీల సందర్శనం. లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ మూడూ ఒకే త్రోవన, నడిచిపోదగినంత దూరంలో ఉన్నవి. మొలకెత్తించిన బార్లీని పీటు పొగమీద ఆరబెట్టడం, రాగిబానల్లో కాచి దింపడం, ఓకు పీపాల్లో ఏళ్ళ తరబడి నిలువచేయడం, అన్నీ శ్రద్ధగా వ్రాస్తారు. వ్రాయవలసినవే. పనితనాన్ని మెచ్చుకుంటే నాకు అభ్యంతరమేమీ లేదు.

నా పేచీ ఒక్క మాటతో. ఆ ప్రయాణాన్ని 'తీర్థయాత్ర' అంటున్నారు. చివర పోసే గుక్కను 'తీర్థం' అంటున్నారు.

పాండురంగని పద్యశాసనం వెలసిన అద్దంకివాడిని. మాటను గురించి పట్టింపు ఉండడం సహజమే. తీర్థమంటే రేవు, దాటించేది, తరింపజేసేది. ముంచే గుణమున్నదానికి ఆ పేరు తగదు. "హాస్యానికన్నాం లెండి" అంటారు. హాస్యమైతే అందరికీ ఒకటే కావాలి గదా! మా మిరపచేలలో కాయలు కోసి, ఆ కూలితో సాయంత్రం క్వార్టరు సీసా కొన్నవాడు మాత్రం వీరి నోట 'తాగుబోతు' అవుతాడు. తాడెక్కి కల్లుగీసేవాని పనితనాన్ని గూర్చి ఒక్క పేరా వ్రాయరు. ఐలాలో రాగిబానకు నమస్కారం, ఊరిలో సారాబట్టీకి ఛీత్కారం. కాచి దింపడం రెండుచోట్లా ఒకటే.

తేడా లేకపోలేదు. ఆ తేడా చట్టంలో ఉన్నది. 2009 నాటి నిబంధనల ప్రకారం స్కాచ్ విస్కీ అనిపించుకోవాలంటే స్కాట్లాండులోనే ఓకు పీపాలో కనీసం 3 ఏళ్ళు ఉండాలి. ఆల్కహాలు 40 శాతానికి తగ్గరాదు. విస్కీ అన్న మాటకు మూలమైన గేలిక్ పదానికి 'జీవజలం' అని అర్థం. అదీ గొప్పలకు పెట్టుకున్న పేరే, కాని ఆ పేరుకు వారు జవాబుదారీ కట్టారు. మన దగ్గర విస్కీ పేర అమ్ముడయ్యేది చాలావరకు చెరకుమడ్డి స్పిరిటుతో చేసినది. దానిని ఆ పేరుతో ఐరోపాలో అమ్మనివ్వరు.

ఇంకొకటి. చౌకమద్యం ప్రాణాలు తీస్తున్నదని అదే స్కాట్లాండు 2018 మే 1 నుండి కనీస ధర విధించింది. యూనిట్‌కు 50 పెన్సులు. 2024 సెప్టెంబరు 30 నుండి 65. విస్కీ వ్యాపారుల సంఘం కోర్టులకెక్కి, 2017లో సుప్రీంకోర్టులో ఓడింది. ఆ 'క్షేత్రమే' తన 'తీర్థానికి' భయపడింది! మన యాత్రికులకు ఈ సంగతి ఎందుకు కనబడదు?

ధర పెంచితే సరిపోతుందా అంటే, సరిపోదు. 2020లో మన రాష్ట్రంలో ధరలు బాగా పెంచారు. ఆ జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజరు త్రాగి పదిమందికి పైగా చనిపోయారు. అలవాటు మనిషిని ఎంతదూరం ఈడ్చుకుపోతుందో చెప్పడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. గాజుగ్లాసులో ఉన్నదీ, ఆ అలవాటును పెంచేదీ ఒకే పదార్థం.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో అక్షరాస్యతా తరగతులలో కూర్చుని, అక్కడి పాఠం చదివి, తమ యిళ్ళను కూల్చుతున్నదేదో పోల్చుకున్నారు. దానికి ముద్దుపేరు పెట్టలేదు. సారా అనే అన్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. నిషేధం మంచిదా కాదా అన్నది వేరొక వాదం. సరైన పేరుతో పిలవడంతోనే ఆ ఉద్యమం మొదలైందన్నది మాత్రం ఉపాధ్యాయుడిగా నేను మరువలేను.

వెళ్ళండి, ఆడండి, రుచి చూడండి. వచ్చి వ్రాసేటప్పుడు మద్యమని వ్రాయండి. సీసాతోపాటు అక్కడి చట్టాన్నీ ఇక్కడివారికి పరిచయం చేయండి. విభేదించేవారు నిస్సంకోచంగా వ్రాయవచ్చును, సమాధానమిస్తాను.