హిందీ మాష్టారు

మొన్న క్లాసు ముగించి వస్తుంటే ఒక కుర్రవాడు వెంటబడ్డాడు. "మాష్టారూ! పీపుల్స్‌వార్ పెట్టిన కొండపల్లి సీతారామయ్య మన జిల్లావాడేనట గదా! మంచివాడా, చెడ్డవాడా?"

సంధులూ సమాసాలూ చెప్పుకునేవాణ్ణి. చప్పున జవాబు తోచలేదు. పటమటలో ఇల్లు చేరేదాకా అదే ఆలోచన.

గుడివాడ దగ్గరి జొన్నపాడులో పెరిగిన రైతుబిడ్డ ఆయన. యౌవనంలోనే కమ్యూనిస్టు అయినాడు. పసితనంలో వితంతువైన కోటేశ్వరమ్మను పెళ్ళాడి లోకాన్ని ఎదిరించాడు. తెలంగాణా సాయుధపోరాటం 1951లో ఆగింది. తరువాత కొన్నాళ్ళకు ఖాజీపేటలోని సెయింట్ గాబ్రియేల్ హైస్కూలులో హిందీ మాష్టారుగా చేరాడు. అక్కడే పాఠాలు చెబుతూ ఉండిన కవి కె.జి. సత్యమూర్తి తోడైనాడు. ఆయనా మన జిల్లావాడే.

పిల్లల మనసు తెలిసినవాడు గనుకనే కాబోలు, సీతారామయ్య విద్యార్థులను కూడగట్టాడు. 1978లో వేసవి సెలవులకు "గ్రామాలకు తరలండి" అన్నారు. వెట్టితో, దొరల గడీలతో విసిగిన కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలు ఆ కుర్రవాళ్ళను ఆదరించాయి. 1980 ఏప్రిల్ 22న పీపుల్స్‌వార్ పుట్టింది. దళాలు గోదావరి దాటి అడవులు పట్టాయి. 1982లో పట్టుబడిన మాష్టారు, 1984లో ఉస్మానియా ఆసుపత్రి నుంచి తప్పించుకున్నాడు.

పల్లెల్లో అన్యాయం ఉన్నమాట నిజం. కాని తుపాకి, పట్టుకున్నవాడి మాటే వింటుందా? 1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర కాకతీయ ఎక్స్‌ప్రెస్ పెట్టెకు నిప్పు పెడితే 40 మందికి పైగా మాడిపోయారు. ఆ నింద నక్సలైట్లమీదనే పడింది. వాళ్ళలో దొర ఎవరు?

కొద్దికాలానికి సొంత పార్టీయే ఆయనను వెలివేసింది. 1993లో పోలీసులకు చిక్కాడు. ముసలితనమూ రోగమూ చూసి వదిలారు. 2001లో కేంద్రం పీపుల్స్‌వార్‌ను ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. 2002 ఏప్రిల్ 12న ఆయన ఈ విజయవాడలోనే కన్నుమూశాడు. ఆయన పెట్టిన పార్టీ 2004లో మావోయిస్టు పార్టీలో కలిసిపోయింది.

మరి కోటేశ్వరమ్మ? భర్త విడిచి వెళ్ళాడు. నడివయసులో చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టలుకు మేట్రనైంది. ఉద్యమంలోకి వెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. కూతురూ ఆమెకంటె ముందే పోయింది. 2012లో "నిర్జన వారధి" అని తన కథ తానే చెప్పుకుని, నూరేళ్ళు నిండాక 2018లో వెళ్ళిపోయింది.

ఆ పుస్తకమే కుర్రవాడి చేతిలో పెట్టాను. వారం తరువాత తిరిగి ఇచ్చాడు. మంచివాడా, చెడ్డవాడా అని మళ్ళీ అడగలేదు. "ఆమెకు ఎవరు జవాబు చెప్పారు, మాష్టారూ?" అన్నాడు.

పిల్లలకు దారి చూపడం మా వృత్తి. ఆ దారిన పోయినవాళ్ళ తల్లులకు జవాబు చెప్పవలసిన పూచీ కూడా మాదేనని, ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ కుర్రవాడు చెప్పాడు.